ఏడాది పదవి, మూడేళ్ళ పని

మా పట్టణంలో వైద్యుల సంఘం శాఖకి అధ్యక్షుడు ఏడాదికొకరు మారతారు. ఈసారి కార్యదర్శిగా ఎన్నికైన డాక్టరమ్మ మూడేళ్ళ ప్రణాళిక ఒకటి రాసి కార్యవర్గం ముందు పెడతానంది. సమావేశానికి రెండు రోజుల ముందు, ఆ కాగితాలు పట్టుకుని పూర్వాధ్యక్షుల్లో పెద్దవారైన సర్జన్ గారింటికి వెళ్ళింది. హౌస్‌సర్జన్సీ అయిన కొత్తలో ఆమె డ్యూటీ డాక్టరుగా చేరింది ఆయన నర్సింగ్ హోమ్‌లోనే. ఆ చనువు ఇద్దరికీ ఉంది. కోశాధికారిని కనక లెక్కల పుస్తకం పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. రెండున్నర గంటలు వాళ్ళు వాదించుకున్నారు. ఒక్క మాటైనా పంతానికి అనలేదు. శాఖ బాగుండాలన్నదే ఇద్దరి తపన. లాయర్లయినా, ఇంజినీర్లయినా, ఆడిటర్లయినా ఊరి శాఖ నడిపేవాళ్ళందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. అందుకే గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

పెద్దాయన: పద్దెనిమిది పేజీలు, మొత్తం చదివానమ్మా. ఇందులో మన ఊరు నాకు కనపడలేదు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్ళు గీశావు. ఊరి పేరు మార్చేస్తే ఏ శాఖకైనా అతికిపోతాయి అవి. 'సభ్యుల భాగస్వామ్యం తక్కువ' అన్నావు. మీటింగులకి రానివాళ్ళు ఎవరో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఒకాయన ఎందుకు రాడో, ఎవరి మీద అలిగి మానేశాడో కూడా తెలుసు. అలక తీర్చాలంటే ఇంటికెళ్ళి కూర్చోవాలి. గళ్ళు గీస్తే తీరదు.

కార్యదర్శి: గళ్ళు శిక్షణ తరగతిలో నేర్పినవి సార్, తీసేస్తాను. కానీ నేను వాటితో మొదలుపెట్టలేదు. ఎన్నికైన వారంలోనే బీరువాలో ఉన్న పాత మినిట్స్ పుస్తకాలన్నీ తీసి చదివాను. ఒక ఏడాది బడిపిల్లలకి కంటి పరీక్షలు మొదలుపెట్టారు. మూడు బళ్ళు అయ్యాయి, ఏడాది అయిపోయింది. తర్వాత వచ్చినవారు షుగరు శిబిరాలు పెట్టారు. ఆ తర్వాతివారు మొక్కలు నాటించారు. చూపు తక్కువని తేలిన పిల్లలకి చివరికి కళ్ళద్దాలు అందాయో లేదో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవాడికి నీ చూపు తక్కువ అని చెప్పి వదిలేసే హక్కు మనకి ఉందా?

(పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు.)

పెద్దాయన: నువ్వు చెప్పిన లోపం నిజం. నీ మందు మీదే నాకు నమ్మకం లేదు. ఉదయం తొమ్మిదికి ఓపీలో కూర్చున్నవాడు రాత్రి పదింటికి లేస్తాడు. అలాంటివాడు జీతం లేని ఈ పదవి ఎందుకు తీసుకుంటాడు? తన మనసులో ఒక కోరిక ఉంటుంది కనక. ఒకరికి కళ్ళు, ఒకరికి షుగరు, ఒకరికి మొక్కలు. ఆ కోరికే అతని చేత పని చేయిస్తుంది. నువ్వు రాసిన పని అతని చేతిలో పెట్టి, ఇదే చెయ్యి అన్నావనుకో. కుర్చీలో కూర్చుంటాడు, దండ వేయించుకుంటాడు, అంతే.

కార్యదర్శి: అధ్యక్షుడి కోరికకి చోటు ఉండాలి, కాదనను. అయితే జబ్బులకి మన పదవుల క్యాలెండరు తెలియదు కదా సార్. మనం కమిటీ మార్చుకునే నెల ఒకటి, పాములు కరిచే కాలం ఇంకొకటి. కొత్త కమిటీ కుదురుకునేసరికి ఊడ్పులు అయిపోతున్నాయి.

పెద్దాయన: సరే, ప్రణాళిక లేకుండా జరిగిన మంచి ఒకటి చెప్తాను. మన ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్ మీద రాత్రి పదకొండింటికి దాడి జరిగింది గుర్తుందా? పేషెంటు పోయాడని బంధువులు అద్దాలు పగలగొట్టారు. డ్యూటీలో ఉన్న కుర్రాణ్ణి కొట్టారు. ఫోన్లు చేసుకున్నాం. అరగంట తిరిగేసరికి నలభై మంది డాక్టర్లు ఆ వాకిట్లో ఉన్నారు. అందులో ఆ డాక్టరంటే పడనివాళ్ళు కూడా ఉన్నారు. అది ఏ పేజీలో రాసుకున్నాం? సంఘం అంటే అదమ్మా.

కార్యదర్శి: నేనూ ఉన్నాను సార్ ఆ నలభై మందిలో. తెల్లవారాక ఏం జరిగిందో కూడా చూశాను. ఫిర్యాదు ఎవరు రాయాలన్నది తేలడానికి మధ్యాహ్నం అయింది. ఆసుపత్రుల మీద దాడులకి మనకి 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, అది బెయిల్ దొరకని నేరం. ఆ చట్టం పేరు ఫిర్యాదులో రాయాలని ఎవరికీ తట్టలేదు. మామూలు కొట్లాట కింద రాసిచ్చాం. పగిలిన సామాను ఫొటోలు తీసేలోపే ఆయాలు ఊడ్చేశారు. దెబ్బలు తిన్న కుర్రాడికి గాయాల సర్టిఫికెట్ తీసుకోవాలని రెండో రోజు గుర్తొచ్చింది. నెల తిరగకుండా అతను ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. రాత్రి నలభై మంది రావడం మన గొప్పే. తెల్లారి ఒక్క కాగితం సరిగ్గా లేకపోవడం కూడా మనదే.

పెద్దాయన: ఆ కుర్రాడు నన్ను కలిసే వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

కార్యదర్శి: అందుకే ఒక కాగితం తయారు చేద్దామంటున్నాను. మొదటి ఫోన్ ఎవరికి, పోలీస్ స్టేషన్‌కి ఎవరు వెళ్ళాలి, ఫిర్యాదు నమూనా ఎలా ఉండాలి, ఫొటోలు ఎవరు తీయాలి, పేషెంటు కుటుంబంతో ఎవరు మాట్లాడాలి. ప్రతి నర్సింగ్ హోమ్ రిసెప్షన్‌లోనూ అది ఉండాలి. ఏడాదికోసారి కొత్త డ్యూటీ డాక్టర్లని కూర్చోబెట్టి చదివించాలి.

పెద్దాయన: పేషెంటు కుటుంబంతో మాట్లాడే పని చివర చెప్పావు. దాన్ని మొదట పెట్టు. చావు కబురు కుదురుగా చెప్పడం రాకపోతే సగం గొడవలు అక్కడే పుడతాయి.

కార్యదర్శి: పెడతాను సార్.

పెద్దాయన: ఒక్క కాగితమైతే నేనూ కాదనను. నా భయం ఈ పద్దెనిమిది పేజీలతోనే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరికీ తీసుకెళ్ళారు. వాళ్ళ దగ్గర ఏ వ్యూహపత్రం ఉంది? పని మీద పిచ్చి ఉంది. పక్కనే కాలువ పారుతోంది, పడవ ఎక్కారు.

కార్యదర్శి: మంచి మాట అందించారు సార్. పడవ ఏ రేవుకి ఎప్పుడు వస్తుందో ఊళ్ళోవాళ్ళకి తెలియకపోతే, తీసుకున్న పుస్తకం ఎవరైనా తిరిగి ఇవ్వగలరా? ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో రాసుకోకపోతే నాలుగు నెలల్లో పడవ ఖాళీ అయ్యేది. అయ్యంకి వారు సంఘం పెట్టి ఊరుకోలేదు, 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక నడిపారు. చేసిన పని అచ్చులో ఉంది కనకే ఈ రోజు మీరు దాని గురించి చెప్పగలుగుతున్నారు. ప్రణాళిక అనే మాట వాళ్ళు వాడకపోవచ్చు. వేళకి రావడం, రాసిపెట్టడం, రేపటివాళ్ళకి అప్పగించడం వాళ్ళకి తెలుసు. నేను అడుగుతున్నది ఆ మూడే.

పెద్దాయన: అయితే ఆ మూడే రాయి. ఇక్కడ పదకొండు పనులున్నాయి. ఆసుపత్రి చెత్త గురించి రెండు పేజీలు ఎందుకు?

కార్యదర్శి: మన సభ్యుల పెద్ద బాధ అదే కదా. 2016 నియమాల ప్రకారం శుద్ధి చేయని చెత్తని 48 గంటలకి మించి ఉంచకూడదు. 75 కిలోమీటర్లలోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఎవరికి వాళ్ళు సొంతంగా కాల్చుకునే ఏర్పాటు పెట్టుకోకూడదు. ఆ కేంద్రం బండి వేళకి రాకపోతే పసుపు సంచులు మెట్ల కింద పేరుకుపోతాయి. నోటీసు మాత్రం మనకే వస్తుంది.

పెద్దాయన: బాధ నిజమే. సంచులు వేరుచేయడం, అనుమతి తెచ్చుకోవడం ఎవరి ఆసుపత్రి బాధ్యత వాళ్ళది. బండి రాకపోవడం గురించి శాఖ తరఫున నువ్వూ అధ్యక్షుడూ వెళ్ళి ఆ కేంద్రం వాళ్ళతో గట్టిగా మాట్లాడండి, కాలుష్య నియంత్రణ మండలికి ఒక ఉత్తరం రాయండి. వచ్చే నెలకి తేలిపోయే పని. ఉత్తరంతో అయ్యే పనిని మూడేళ్ళ ప్రణాళికలో రాస్తే, మూడేళ్ళ దాకా ఆ ఉత్తరం ఎవరూ రాయరు.

(కార్యదర్శి ఆ రెండు పేజీలూ తీసి పక్కన పెట్టింది. ఇదే కొలతతో మరో నాలుగు పనులు పక్కకి వెళ్ళాయి.)

పెద్దాయన: మిగిలినవాటికి ఇంకో ప్రశ్న వేసుకో. మన శాఖ చేయకపోతే ఇంకెవరైనా చేస్తారా? రక్తదాన శిబిరం చాలామంది చేస్తున్నారు. జూలై 1న బిధాన్ చంద్ర రాయ్ గారి పేరు మీద ర్యాలీ తీస్తాం, మంచిదే, దానికి ప్రణాళిక అక్కర్లేదు. మనమే చేయగలిగింది ఏమిటి?

కార్యదర్శి: పాముకాటు సార్. చుట్టూ వరి పొలాలు. నాట్లప్పుడూ కోతలప్పుడూ కేసులు వస్తూనే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2030 నాటికి ఆ మరణాలు సగానికి తగ్గాలని దాని లక్ష్యం. మన ఊళ్ళో జరుగుతున్నది మీకు తెలుసు. పేషెంటు మొదట దగ్గరున్న నర్సింగ్ హోమ్‌కి వస్తాడు. అక్కడ భయపడి, ఒక సెలైన్ పెట్టి, పెద్దాసుపత్రికి రాసేస్తారు. విరుగుడు మందు మొదటి మోతాదు పడకుండానే గంట, గంటన్నర దారిలో పోతుంది.

పెద్దాయన: భయపడేది ఊరికే కాదమ్మా. మందు పడగానే రియాక్షన్ వచ్చి పేషెంటు పడిపోతే, చంపేశారని మీద పడతారు. ఇందాక నువ్వు చెప్పిన దాడి ఇలాంటి చోటే మొదలవుతుంది.

కార్యదర్శి: అందుకే ఇది ఒక్కరు చేయలేని పని. ఒక నర్సింగ్ హోమ్ ఇచ్చి, పక్కవాడు ఇవ్వకుండా పంపేస్తుంటే, ఇచ్చినవాడే దోషిలా కనపడతాడు. అందరూ ఒకే పద్ధతి పాటిస్తే ఒక్కరి మీద పడదు. రక్తపింజర కాటుకి ఇరవై నిమిషాల రక్తం గడ్డ పరీక్ష చాలు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. కట్లపాము అలా కాదు. నేల మీద పడుకున్నవాడిని రాత్రి కరుస్తుంది. గాటు కూడా కనపడదు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతాయి. గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చి పంపేస్తే అంతే. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు ఊపిరి అందించడం తెలిసిన మనిషి వెంట ఉండాలి. విరుగుడు మోతాదు పిల్లలకీ పెద్దలకీ ఒకటే అన్న సంగతి కూడా కొత్తవాళ్ళకి చెప్పాలి.

పెద్దాయన: అది నిజం. నా దగ్గర చేరిన డ్యూటీ డాక్టర్లు పిల్లలకి సగం మోతాదు అనుకోవడం నేనే చూశాను.

కార్యదర్శి: ఇంకొకటి. ఎవరి దగ్గర ఎన్ని వయల్స్ ఉన్నాయో ఒక ఉమ్మడి జాబితా పెట్టుకుంటే, రాత్రి పూట ఒకరి స్టాకు ఇంకొకరికి అందుతుంది. నర్సింగ్ హోమ్‌లు వ్యాపారంలో పోటీదార్లు. వాళ్ళంతా ఒక జాబితాలో పేరు రాయించుకునేది సంఘం ముందు మాత్రమే. ఏటా మే నెలలో, తొలకరికి ముందే డాక్టర్లకీ నర్సులకీ శిక్షణ ఇస్తాం. కొలత ఒక్కటే: పెద్దాసుపత్రికి మనం పంపిన పాముకాటు పేషెంట్లలో, అవసరం ఉండి మొదటి మోతాదు పడ్డాకే వెళ్ళినవాళ్ళు ఎందరు, పడకుండా వెళ్ళినవాళ్ళు ఎందరు.

పెద్దాయన: ఇది బాగుంది. మన ఊరు ఇప్పుడు కనపడింది. ఇక డబ్బు సంగతి చెప్పు. కంపెనీల సొమ్ముతో సి.ఎం.ఇ.లు పెట్టొద్దని రాశావు. ఆపితే హాలు అద్దె ఎవరు కడతారు?

కార్యదర్శి: 2002 నాటి వృత్తి నియమాల ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్ళలో 30 గంటలు నిరంతర వైద్య విద్యకి హాజరవ్వాలి. ఏడాదికి ఆరు గంటలు. ఆ ఆరు గంటల కోసం నెలనెలా హోటల్లో సభ పెట్టి, డబ్బిచ్చిన కంపెనీ ఏ మందు అమ్ముకోవాలనుకుంటే ఆ జబ్బు గురించే వింటున్నాం. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణాలు తీసుకోకూడదని 2009లోనే నియమం వచ్చింది. పాముకాటు గురించి మాట్లాడించడానికి ఏ కంపెనీ హోటల్ బుక్ చేస్తుంది?

(అప్పుడు నన్ను అడిగారు. లెక్కల పుస్తకం తీశాను. జీవిత సభ్యత్వాల సొమ్ము బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. అసలు ముట్టకుండా, వచ్చే వడ్డీతో ఏడాదికి నాలుగు సభలు మన సొంత హాల్లో, టిఫినూ కాఫీతో జరుపుకోవచ్చని చెప్పాను. హోటల్ భోజనానికి మాత్రం చాలదు.)

పెద్దాయన: నాలుగు సభలు మన డబ్బుతో పెట్టండి, ఒప్పుకుంటాను. కానీ చివరి పేజీలో ఏటా జరిగే కుటుంబ విందు కొట్టేశావు. 'ప్రయోజనం లేని ఖర్చు' అని రాశావు. అది తప్పు.

కార్యదర్శి: ఆ విందు ఖర్చుతో పాముకాటు శిక్షణ రెండుసార్లు చేయొచ్చు సార్.

పెద్దాయన: ఒక సంగతి విను. మన ఊళ్ళో ఒక మత్తు డాక్టరుకీ, ఒక గైనకాలజిస్టుకీ మూడేళ్ళు మాటల్లేవు. ఫీజు దగ్గర వచ్చిన తగాదా. ఒక విందులో వాళ్ళ పిల్లలిద్దరూ ఒకే బెంచీ మీద ఐస్‌క్రీం తింటుంటే, తల్లులు మాట్లాడుకున్నారు. తర్వాత వీళ్ళూ మాట్లాడుకున్నారు. ఆ చలికాలంలో ఒక బాలింతకి రక్తస్రావం ఆగక, రాత్రి రెండింటికి ఆ గైనకాలజిస్టు ఫోన్ చేస్తే ఆ మత్తు డాక్టరు లుంగీ మీద స్కూటరేసుకుని వచ్చాడు. తల్లి బతికింది. రాత్రి రెండింటికి పిలిస్తే వచ్చే మనిషిని నువ్వు ఏ శిక్షణతో తయారుచేస్తావు? మన శాఖ ఈ ఊరికి ఇచ్చేది చివరికి అదే. పాముకాటు జాబితా కూడా రేపు నడిచేది ఆ స్నేహం మీదే. అర్ధరాత్రి పక్క నర్సింగ్ హోమ్‌కి వయల్స్ ఇచ్చేవాడు జాబితా చూసి ఇవ్వడు, అడిగిన మనిషిని చూసి ఇస్తాడు.

(ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చివరి పేజీలో కొట్టేసిన వరుస కింద చుక్కలు పెట్టి, 'ఉంచాలి' అని రాసుకుంది.)

కార్యదర్శి: ఈ సంగతి నాకు తెలియదు సార్. విందు ఉంటుంది. ఒక్క కోరిక. డ్యూటీ డాక్టర్లని కూడా పిలవాలి. వాళ్ళు సభ్యులు కారని ఇప్పటిదాకా పిలవడం లేదు.

పెద్దాయన: వాళ్ళు ఏడాది ఉంటారు, పీజీ సీటు రాగానే వెళ్ళిపోతారు. సభ్యత్వం కట్టరు.

కార్యదర్శి: నేనూ అలా ఏడాదికని వచ్చినదాన్నే కదా సార్. మీరు మొదటి నెలలోనే నన్ను శాఖ మీటింగుకి తీసుకెళ్ళి అందరికీ పరిచయం చేశారు. పీజీ అయ్యాక ఏ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాలా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఈ ఊరే.

పెద్దాయన: ...సరే, పిలుద్దాం. పాముకాటు, దాడి జరిగితే చేయాల్సిన పనుల కాగితం, సొంత డబ్బుతో నాలుగు సభలు. మూడయ్యాయి. ఇక చాలు. ఒక్క పేజీలో రాయి. మినిట్స్ పుస్తకం మొదటి పేజీకి అతికించు. కొత్త అధ్యక్షుడు బాధ్యత తీసుకున్న రోజున అది చదివి సంతకం పెట్టాలి. నాలుగో వరుస ఖాళీగా వదిలెయ్యి. అందులో తన కోరిక తను రాసుకుంటాడు.

కార్యదర్శి: మొదటి మూడింట్లో ఏదైనా మానేయాలనుకుంటే?

పెద్దాయన: మానేసే హక్కు ఉండాలి. మనం రాసింది తప్పు కావచ్చు. అయితే ఎందుకు మానేస్తున్నాడో సర్వసభ్య సమావేశంలో చెప్పి, కారణం రాసి మానేయాలి. చడీచప్పుడు లేకుండా మాయం కాకూడదు.

కార్యదర్శి: ఇంకొక్కటి ఉంది సార్. కార్యదర్శి పదవి రెండేళ్ళు చేయాలని తీర్మానం పెడతాను. అధ్యక్షుడు మారినా పని తెలిసిన మనిషి ఒకరు మిగలాలి.

పెద్దాయన: దీనికి మాత్రం నేను వ్యతిరేకంగానే చెయ్యెత్తుతాను. పదవి ఒకరి దగ్గర ఎక్కువ కాలం ఉంటే సొంత ఆస్తి అనిపిస్తుంది. నీకు అనిపించకపోవచ్చు, నీ తర్వాతివాడికి అనిపిస్తుంది. ఏటా మారడం వల్లే ఇంతమందికి ఈ శాఖ నాది అనిపించింది.

కార్యదర్శి: మీరు వ్యతిరేకించినా తీర్మానం పెడతాను సార్. సభ్యులు తేలుస్తారు.

పెద్దాయన: పెట్టు. సభలోనే మాట్లాడుకుందాం.

మేము లేవబోతుంటే ఆయన కూర్చోమని సైగ చేసి లోపలికి వెళ్ళారు. పాత లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అంచులు పసుపుపచ్చబడ్డాయి. మూడు బళ్ళ పేర్లు, పిల్లల పేర్లు, తరగతులు, కుడి కన్ను, ఎడమ కన్ను చూపు కొలతలు వరసగా ఉన్నాయి. చివరి గడిలో కొందరికి 'కళ్ళద్దాలు ఇచ్చాం' అని, తేదీ వేసి ఉంది. చాలామందికి ఆ గడి ఖాళీ.

"కంటి పరీక్షలు మొదలుపెట్టిన అధ్యక్షుణ్ణి నేనే అమ్మా" అన్నారు. "పదవి దిగిపోయాక పుస్తకం ఇంటికి వచ్చేసింది. తర్వాతివాళ్ళు అడగలేదు. నేనూ ఇవ్వలేదు."

ఆమె పేజీలు నెమ్మదిగా తిప్పింది. ఆ పిల్లలు ఇప్పుడు పెళ్ళిళ్ళై, ఉద్యోగాల్లో ఉండే వయసు. ఖాళీ గడులు లెక్కపెట్టడానికి నన్ను కూడా సాయం కూర్చోమంది. లెక్క పూర్తయ్యాక అడిగింది: "ఈ అంకె మొదటి పేజీలో, మూడు పనుల పైన రాస్తాను సార్. మీకు అభ్యంతరమా?"

"రాయి. ఏ ఏడాదిదో కూడా రాయి" అన్నారాయన.